పోర్చుగీసు వైన్‌తో సాక పోశాను

జిజాన్‌లో రిఫైనరీ కట్టే క్యాంపులో మెస్సు వంటవాణ్ణి నేనే. మా పోర్చుగీసు ఇంజనీరు ప్రతి శుక్రవారం నేను కాల్చిన గొర్రె మాంసం తింటూ, పక్కన తమ ఊరి ఎర్ర వైన్ లేదే అని నిట్టూర్చేవాడు. సౌదీలో అది హరామ్. ఎలా ఉంటుందని అడిగాను. పుల్లగా, వగరుగా, నాలుక మీది కొవ్వును కడిగేసేలా ఉంటుందన్నాడు.

అంతేనా! మా ఊళ్లో ఈతకల్లుకు ఏది నంజుకోవాలో, తాటికల్లుకు ఏది నంజుకోవాలో వాసన చూసి చెప్పేవాణ్ణి. నాకిదొక లెక్కా? తాయిఫ్ దానిమ్మల రసంలో, చాయిపత్తి బాగా మరిగించిన చిక్కటి డికాక్షన్ కలిపి, చల్లార్చి ఇచ్చాను. ఇంజనీరు గ్లాసు ఖాళీ చేశాడు.

"వైన్ కాదు గానీ, మాంసానికి సరిపోయింది," అన్నాడు.

ఆ 'కాదు గానీ' నన్ను చాలాకాలం గుచ్చింది.

విదేశీ పనివాళ్ల మీద లెవీ పెంచిన ఏడాది కంపెనీ మా ఇకామాలు, అంటే అక్కడ ఉండే పర్మిట్లు, రెన్యువల్ చేయలేదు, ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేసింది. దారిలో దుబాయ్ ఎయిర్‌పోర్టులో ఇంజనీరు చెప్పిన వైనే వెతికి కొన్నాను. ఇంట్లో గొర్రె మాంసం అలాగే కాల్చాను. మా ఆచారం ప్రకారం ముందు నేల మీద నాలుగు చుక్కలు సాక పోసి, ఒక గుక్క తాగాను.

"ఎట్లున్నది?" అంది నా భార్య.

"మంచిగనే ఉన్నది," అన్నాను. "చాయిపత్తే జర తక్కువేసిండ్రు."