గుట్టకు అవతలి దిక్కు

జానీ పాషా చేతులు వణుకుతున్నాయని మొదట గమనించింది అతని భార్య ఖాజాబీ. ఎవరిదో పాత ఇల్లు కూలగొట్టడానికని వాళ్ల గల్లీలోకి జేసీబీ వచ్చింది. ఆ ఇంజను చప్పుడు వినగానే అతని చేతిలోని చాయ్ గ్లాసు జారిపడి పగిలింది. అతను కిందికి చూడనైనా లేదు. గోడకు వీపు ఆనించి, మెడ నరాలు ఉబ్బి, గాలి కోసం నోరు తెరిచి నిలబడ్డాడు. పదహారేళ్లుగా అదే యంత్రం మీద కూర్చుని ఇంటిని నడిపిన మనిషి.

సిద్దిపేటలో జానీ పాషా అంటే చేయి తిరిగిన డ్రైవరని పేరు. కరెంటు స్తంభానికి జానెడు దూరంలో తవ్వినా స్తంభం కదిలేది కాదు. గ్లాసు పగలడానికి కొన్ని వారాల ముందు, జూలైలో, పట్టణం బయట మురుగు పైపుల కోసం పన్నెండు అడుగుల లోతు కందకం తవ్వే పని ఒప్పుకున్నాడు. మూడు రోజులు ముసురు పట్టి, నాలుగో రోజు కాస్త తెరిపి ఇచ్చింది. ఒక పక్క రోడ్డు, ఒక పక్క ప్రహరీ. తీసిన మట్టి పోయడానికి జాగ లేదు.

"ఒడ్డుకే పొయ్యి," అన్నాడు కాంట్రాక్టరు.

తడి మట్టి ఒడ్డున కుప్ప పోస్తే ఆ బరువుకు కందకం గోడ జారుతుందని జానీ పాషాకు తెలుసు. ఒకసారి చెప్పాడు. "నీకు పైసలిచ్చేది మట్టి తీయనీకి, నాకు చదువు చెప్పనీకి కాదు," అని కాంట్రాక్టరు అందరి ముందూ కసిరాడు. జానీ పాషా రెండోసారి చెప్పలేదు. మట్టి ఒడ్డునే పోశాడు.

కందకంలో పైపులు బిగిస్తున్నవాడి పేరు కర్ణాకర్. ఇరవై నాలుగేళ్లు. పనికి వచ్చి రెండు రోజులే అయింది. అన్నానికి పైకి రమ్మని కేకేస్తుండగానే గోడ జారింది. బకెట్ పెట్టి తవ్వితే మనిషికి తగులుతుందని జానీ పాషా యంత్రం దిగి, కందకంలోకి దూకి, చేతులతో తవ్వాడు. మిగతావాళ్లూ దూకారు. పైకి తీసేసరికి కర్ణాకర్‌లో ప్రాణం లేదు.

"వానకు కూలిందని చెప్పు. ఒడ్డు మీది మట్టి ముచ్చట ఎత్తినవనుకో, ముందు లోపలికి పోయేది నువ్వే," అని కాంట్రాక్టరు ఆ సాయంత్రమే చెవిలో వేశాడు. జానీ పాషా పోలీసులకు ఆ మాటే చెప్పి, కాగితం చదవకుండా సంతకం పెట్టాడు. చనిపోయినవాడిది ఏ ఊరని అడగలేదు. శవం వెంట పోలేదు. అడిగితే ఆ ఇంటి ముఖాలు చూడాల్సి వస్తుందని భయం.

ఆ తర్వాత దుప్పటి ముఖం మీదికి వస్తే మట్టి పడ్డట్టు ఉలిక్కిపడి లేచేవాడు. తలుపు మూస్తే చెమటలు. పనికి పోవడం మానేశాడు. బంధువులు తాయెత్తు కట్టించమన్నారు. నర్సింగు మొదటి సంవత్సరం చదువుతున్న కూతురు తహూరా మాత్రం, "అబ్బా, గిది దయ్యం కాదు, దవాఖానకు పోదాం," అని తండ్రి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

డాక్టర్ నవనీత అతను చెప్పినంతా విన్నది. ఒడ్డు మీది మట్టి మాట అతను ఆమెకూ చెప్పలేదు. "గోలీలు రాస్త. దడ తగ్గుతది, నిద్ర వడతది. కని ఇంట్ల గోడలు చూసుకుంట కూసుంటె గోలి ఒక్కటే ఎంతకని పనిచేస్తది? పొద్దుగాల చెట్లున్న జాగకు పోయి గంట సేపు నడువున్రి. ఫోను జేబులకెంచి తీయొద్దు. నెలకొకసారి వచ్చి నాకు కనవడున్రి," అన్నది.

చిన్నకోడూరు దాటాక గుట్టల మధ్య కొంత అడవి ఉంది. అక్టోబరులో ఒక పొద్దున బండి రోడ్డు పక్కన ఆపి జానీ పాషా అందులోకి నడిచాడు. మొదటి రోజు పావుగంట కూడా నిలవలేకపోయాడు. ఎండుటాకుల మీద తొండ పరుగెత్తితే మట్టి జారిన చప్పుడు విన్నట్టయింది. తునికి చెట్ల మధ్య సన్నటి దారి కందకంలా కనిపించింది. పరుగు పరుగున బండి దగ్గరికి వచ్చి, సీటు పట్టుకుని వాంతి చేసుకున్నాడు. రెండో రోజు, మూడో రోజూ అంతే. ఇంటి దగ్గర ఖాజాబీ కళ్లలో భయం చూడలేక మాత్రమే నాలుగో రోజు మళ్లీ వెళ్లాడు.

ఆ రోజు మోదుగ చెట్టు కింద మేకలు కనిపించాయి. వాటి వెనక అరవై దాటిన మనిషి. గొంగడి, భుజాన గొడ్డలి. ఒగరుస్తూ నిలబడ్డ జానీ పాషాను ఆయన ఎగాదిగా చూశాడు.

"ఏందయ్యా, పులి ఎంటవడ్డట్టు ఉరుకుతున్నవ్? గీడ పులుల్లేవు. కూసో."

"కూసుంటె ఊపిరాడతలేదు కాకా."

"ఉరికితె ఆడుతుందా మరి? కూసో. మనం వస్తె అడవి నోరు మూసుకుంటది. కదలకుంట కూసుంటె మల్ల ముచ్చట పెడతది. గది మొదలువెట్టేదాక లేవకు."

జానీ పాషా బండ మీద కూర్చున్నాడు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. కొంతసేపటికి ఎక్కడో గౌజు పిట్ట కూసింది. దానికి ఇంకొకటి బదులిచ్చింది. ఆకుల్లో ఏదో కదిలింది, చూస్తే చిన్న తొండ. మేకలు రెమ్మలు తెంపే చప్పుడు, గాలికి టేకు ఆకులు ఒరుసుకునే చప్పుడు వేరువేరుగా వినిపించసాగాయి. మట్టి చప్పుడు వాటిలో లేదు. లేచేసరికి ఎండ మోకాళ్ల మీదికి వచ్చింది. అంతసేపు గడిచిందని అతను నమ్మలేకపోయాడు.

ఆ పెద్దమనిషి పేరు దుబ్బయ్య. గుట్ట కింది ఊరే. "నన్ను పాషా అంటరు," అని చెప్పాడు జానీ పాషా. అప్పటినుంచి రోజూ కలిసేవారు. దుబ్బయ్య మూటలోని జొన్నరొట్టె విరిచి సగం పెట్టేవాడు, పండిన సీతాఫలం కన్ను చూసి ఎట్లా గుర్తు పట్టాలో చూపించేవాడు. ఎందుకు వస్తున్నావని మాత్రం ఎన్నడూ అడగలేదు. మూడు వారాలు గడిచేసరికి జానీ పాషా తలుపు మూసిన గదిలో పడుకోగలిగాడు. ఒకనాడు అన్నం మళ్లీ పెట్టమన్నాడు. ఖాజాబీ వంటింట్లోకి పోయి కొంగుతో కళ్లు తుడుచుకున్నది.

నవంబరు నడుమ ఒక పొద్దున మేకలు ఎక్కువైతే ఒక్కడివే ఎట్లా కాస్తావని అడిగాడు జానీ పాషా.

"అమ్ముదామనే అనుకున్న. కొడుక్కు నౌకరి దొరికింది, ఇగ ఎందుకు మేకలు అనుకున్న. రెండు రోజులే చేసిండు." దుబ్బయ్య గొంతు మారలేదు. "వానకు కందకం కూలి మీద వడ్డది. కర్ణాకర్ వాని పేరు. ఇంటికాడ వాని అంగీలు దండెం మీదనే ఉన్నయి. వాని తల్లి పోచవ్వ తీయనియ్యది. నేను ఆడ కూసోలేక గీడికొస్త."

జానీ పాషా చేతిలో రొట్టె ముక్క అట్లాగే ఉండిపోయింది. అడవి మొత్తం ఒక్కసారిగా మీదికి వంగినట్టయింది. ఏదో పని ఉందని గొణిగి లేచాడు. బండి దాకా ఎట్లా వచ్చాడో అతనికి తెలియదు.

తొమ్మిది రోజులు ఇల్లు కదలలేదు. గోలీలు వేసుకుంటున్నా వణుకు తిరిగి వచ్చింది. ఇప్పుడు కళ్లు మూస్తే మట్టితోపాటు దండెం మీది అంగీలు కనిపిస్తున్నాయి. పదో రోజు ఖాజాబీ కుట్టుమిషను ఆపి ఎదురుగా కూర్చున్నది. అతను మొత్తం చెప్పాడు. ఒడ్డు మీది మట్టి సంగతి ఆమెకు తెలియడం అదే మొదలు.

ఆమె ఒళ్లోని బట్ట మడిచి పక్కన పెట్టింది. "సునో జీ, వేరే గుట్టలు లేవా? రాయపోల్ దిక్కు పోతె గాదా? ఆ ముసలాయన చేతుల గొడ్డలి ఉంటదంటిరి."

"ఏ గుట్టకు పోయినా ఆయన రొట్టె నా కడుపులనే ఉంటది."

ఆమె మళ్లీ వద్దనలేదు. "పోన్రి. ఫోను బందు వెట్టకున్రి," అన్నది అంతే.

మర్నాడు పోయేసరికి దుబ్బయ్య బండ మీద కూర్చుని మేకపిల్ల కాలిలో ముల్లు తీస్తున్నాడు. తలెత్తి, "ఇన్నొద్దులు ఏడవోయినవ్ పాషా?" అన్నాడు.

"కాకా, నా పూర పేరు జానీ పాషా."

ముల్లు తీస్తున్న వేళ్లు ఆగిపోయాయి. ఆ పేరు ఆయనకు పోలీసు కాగితం చదివి వినిపించినప్పటినుంచి తెలుసు.

"జేసీబీ..."

"నేనే."

మేకపిల్ల ఆయన చేతుల్లోంచి జారి కుంటుతూ పరుగెత్తింది. దుబ్బయ్య లేచాడు. గొడ్డలి ఎప్పుడు అందుకున్నాడో జానీ పాషా చూడలేదు.

"తెలిసే వచ్చినవా? ఇన్నొద్దులు నా రొట్టె తినుకుంట, నా పక్కన కూసోని..."

"తెల్వది. నువ్వు పేరు చెప్పిన్నాడే తెలిసింది. గందుకే రాలె."

"మల్ల ఇయ్యాల ఎందుకొచ్చినవ్?"

"వాన కూలగొట్టిందనుకుంటున్నవ్ కాకా. వాన కాదు. ఒడ్డుకు మట్టి పోసింది నేను. పోయొద్దని నాకెరుకే. ఒక్కసారి చెప్పిన, కాంట్రాక్టరు తిట్టిండు, నోరు మూసుకున్న."

పిట్ట కూత కూడా లేదు. పరుగెత్తమని జానీ పాషా కాళ్లు లాగుతున్నాయి. కాలి కింది రాయిని చెప్పు లోంచే అదిమి పట్టుకుని నిలబడ్డాడు. గొడ్డలి అంచు మీద పొద్దు మెరిసింది. దుబ్బయ్య రెండడుగులు ముందుకు వచ్చాడు.

"మట్టి వడంగనే పానం పోయిందని దవాఖాన సార్లు చెప్పిన్రు. బాధ పడలేదన్నరు. నిజమేనా?"

అవునంటే చాలు, ముసలాయనకు అదొక్కటన్నా మిగులుతుంది. జానీ పాషా నోటి దాకా వచ్చింది ఆ మాట. కానీ మళ్లీ ఒక అబద్ధం.

"కాదు కాకా. ముందుగాల చెయ్యి దొరికింది. పట్టుకుంటె మల్ల గట్టిగ పట్టుకున్నడు, నా రెండు వేళ్లు. ఒక్క చెయ్యి ఇడవకుంట రెండో చేత్తోని తవ్విన. మొకం దొరికే ముందు ఇడిచిపెట్టిండు."

"ఎంతసేపు?"

"తెల్వది. నాకైతె ఇంక అయిపోలె."

దుబ్బయ్య గొంతులోంచి వచ్చిన చప్పుడుకు మేకలు చెదిరిపోయాయి. గొడ్డలి కింద పడింది. ఆయన అక్కడే గొంతుక్కూర్చుని తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. జానీ పాషా దగ్గరికి పోలేదు, దూరమూ పోలేదు. ఎంతో సేపటికి దుబ్బయ్య తలెత్తకుండానే అడిగాడు.

"గీ మట్టి ముచ్చట పోలీసోళ్లకు చెప్పినవా?"

"లే."

"నాకు చెప్తె ఏమొస్తది? నేనేమన్న జడ్జినా? చెప్పాల్సిన కాడ చెప్పు." ఆయన లేచి గొంగడి దులుపుకున్నాడు. "ఇగ నా కండ్ల వడకు. నడువాల్నంటె గుట్టకు అవతలి దిక్కు నడువు. అడవికి రావొద్దనుటానికి గిది మా తాతది కాదు."

ఆ వారమే జానీ పాషా ఠాణాకు పోయి కొత్తగా వాంగ్మూలం ఇచ్చాడు. "నీ మీద గూడ కేసైతది, ఎరుకేనా?" అని అడిగాడు రాసుకుంటున్న ఎస్సై. ఎరుకేనన్నాడు. అన్నట్టే కాంట్రాక్టరు పేరు పక్కన అతని పేరూ ఎక్కింది. బెయిలు మీద బయటికి వచ్చాడు. కాంట్రాక్టరు మనుషులు రెండుసార్లు ఇంటి ముందు బండ్లాపి, ఏమీ అనకుండా చూసి పోయారు. మూడోసారి ఖాజాబీ కత్తెర చేతిలో పట్టుకునే గడపలోకి వచ్చి, "ఎవరు గావాలె?" అని అడిగింది. మళ్లీ రాలేదు. అయినా నెల రోజులు బయట బండి చప్పుడైతే ఆ ఇంట్లో అందరూ మాటలాపేవారు.

కేసు ఇంకా నడుస్తూనే ఉంది. జానీ పాషా మళ్లీ జేసీబీ ఎక్కలేదు. ఒక మొక్కల నర్సరీలో సంచుల్లో మట్టి నింపే పనికి కుదిరాడు. మొదటి రోజు తడి మట్టిలో చెయ్యి పెట్టగానే ఒళ్లు చల్లబడి పని వదిలి పోబోయాడు. టేకు మొక్కల వరుసల మధ్య కూర్చుని, ఏదో పిట్ట కూసేదాకా ఆగి, మళ్లీ చెయ్యి పెట్టాడు. ఈసారి డాక్టరమ్మకు మట్టి సంగతితో సహా అంతా చెప్పాడు. చలికాలం అయిపోయేసరికి ఆమె ఒక గోలి తగ్గించింది. ఇంజను చప్పుడుకు ఇప్పటికీ చెమట పడుతుంది. అది వస్తుందనీ, కదలకుండా ఉంటే పోతుందనీ అతనికి తెలిసింది.

అడవికి పోవడం మానలేదు. గుట్టకు అవతలి దిక్కునే నడిచాడు. అక్కడ నీడ తక్కువ, రాళ్లెక్కువ. మార్చిలో మోదుగలు పూశాయి, ఏప్రిల్‌లో ఆకులన్నీ రాలి అడవి పలచబడింది. అప్పుడు గుట్ట పైన గొంగడి ఒకటి కదులుతూ కనిపించేది. జానీ పాషా దారి మార్చేవాడు. ఒకసారి కోర్టు వరండాలో ఎదురుపడ్డారు. దుబ్బయ్య పక్కన ఎర్ర చీరలో ఒక ముసలామె. పోచవ్వ అని చెప్పకుండానే తెలిసింది. ఆమె జానీ పాషా ముఖం చూడలేదు. అతని చేతుల వంకే చూస్తూ నిలబడింది. పేరు పిలిచేదాకా చూస్తూనే ఉంది. అతను చేతులు దాచుకోలేదు.

మళ్లీ వానలు పడ్డాయి. ఆ తడికి జానీ పాషాకు జ్వరం వచ్చి పదిహేను రోజులు మంచం దిగలేదు. తగ్గాక ఒక పొద్దున అడవికి పోతే రెండు గుట్టల నడుమ వాగు పారుతోంది. అవతలి గట్టున మేకలు నీళ్లు తాగుతున్నాయి. జానీ పాషా వెనక్కి తిరగబోయాడు.

"పదిహేనొద్దులాయె, కనవడకపోతివి?" వాగు మీదుగా వచ్చింది దుబ్బయ్య గొంతు. కోపమో, మరేదో పోల్చుకోలేని గొంతు.

"జరమొచ్చింది కాకా."

"ఊఁ."

దుబ్బయ్య నీళ్లలోకి దిగిన మేకను అదిలించి, మందను మలుపుకుని, గుట్ట ఎక్కిపోయాడు.