గానుగ ఆగినాక బెల్లం వాసన

నాకు మూర్ఛ వచ్చే ముందు బెల్లం మాడిన వాసన వచ్చేది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గోడలు లేస్తున్న రోజులవి. మా ఎడపల్లిలో బెల్లం వాసన వింతేమీ కాదు, పక్కింటి అవ్వ పెరట్లోనే చెరుకు గానుగ ఉండేది. కానీ గానుగ ఆగి, పొయ్యి చల్లారిపోయిన ఎండాకాలంలో కూడా నాకా వాసన వచ్చింది. పదేళ్ల పిల్లను, ఉన్నదున్నట్టు ఇంట్లో చెప్పేశాను. నా నోరు పడిపోయినా బాగుండేది.

"గానుగ నడవంది బెల్లం వాసనెట్లొస్తది? గిది బాణామతే!" అన్నాడు బాపు తమ్ముడు, మా చిన్నబాపు.

ఇక అవ్వ చేతబడి చేస్తోందని అందరికీ ఖాయమైపోయింది. ఆమె గుమ్మంలో నిలబడితే ఎందుకు నిలబడ్డదని అనుమానం, తలుపేసుకుంటే లోపల ఏం చేస్తోందని అనుమానం. ఆమె ఇచ్చిన జామకాయను నేనే పెంటకుప్ప మీద పారేశాను. మంత్రం పలకలేకుండా ఆమె ముందరి పళ్లు రాలగొట్టాలని వాడకట్టంతా ఒక్కమాట మీదికొచ్చింది.

"బిడ్డను దవాఖానల సూపిచ్చుకొస్త, గప్పటిదాంక ఆగుండ్రి," అని బతిమాలి, బాపు నన్ను బండిలో నిజామాబాదు తీసుకుపోయాడు.

దవాఖానా అంతా ఫినాయిలు కంపు. మూడోరోజు పొద్దున అక్కడే, డాక్టరు ముందే, నాకు మళ్లీ బెల్లం వాసన వచ్చింది. తెలివొచ్చేసరికి నాలుక కొరుక్కుని ఉన్నాను.

"గీడ గానుగ లేదు, గా అవ్వ లేదు గద?" అన్నాడు, బాపు చెప్పిందంతా విన్న డాక్టరు.

"మంత్రానికి దూరమేంది సారూ," అన్నాడు బాపు.

డాక్టరు కోప్పడలేదు. "అంగట్ల ఎవరి బేరం వాళ్లది. అందరు ఒక్కపారి, ఒక్కతీరుగ అరిస్తె బేరం నడుస్తదా? మెదడుల గూడ గంతే. సన్న సన్న కణాలు, దేని పని దానిది. మూర్ఛల ఒక మూలకున్నయి జమై ఒక్కపారి ఎగుస్తయి, పక్కవాటిని గుంజుకుంటయి. వాసన తెలిసే మూలల మొదలైతె వాసనొస్తది, అంతట పాకితె ఒళ్లు కొట్టుకుంటది. గా బెల్లం నీ బిడ్డ తలకాయలనే ఉన్నది."

బాపు నమ్మాడు. నేను మాత్రం, డాక్టరు బల్ల కింద బెల్లం ముద్ద దాచాడేమోనని వంగి చూశాను.

మేం తిరిగొచ్చేసరికి ఆలస్యమైపోయింది. చిన్నబాపు వాళ్లు ఆగలేదు. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. డాక్టరు చెప్పింది చెప్పబోయి బాపు ఆమె ముందే కూలబడ్డాడు. ఆమె కొంగు తీసి, ముందరి పళ్లు లేక గాలి పోతున్న మాటతో నన్ను అడిగింది.

"పానం మంచిగైందా బిడ్డా?"

ఇది రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆ మాటలో మంత్రమేమైనా కలిసి ఉందేమోనని, అప్పుడు కూడా, నేను చెవులు రిక్కించి విన్నాను.