అక్క ఆపేసిన గోలీ

మా అక్క నిజామాబాద్‌ల ఒక ఇరుకు గల్లీల ఉండేది. ఒక్కటే అర్ర, కిటికీ లేదు. పొద్దంత చేట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేది. బావ లేడు. ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలిననాడు నేను బోధన్‌ల చెరుకు బండ్ల కాంటా కాడ పని చేస్తున్న.

హైదరాబాద్‌ల ఆపరేషన్ అయింది, కీమో అయింది, జుట్టు మళ్ల మొలిచింది. రోజుకో గోలీ ఏండ్లపాటు వేసుకోవాలన్నరు. గండం గడిచిందనుకున్నం. కొన్నాళ్లకు అక్కకు నడుము, తొంటి ఎముకలు నొయ్యబట్టినయి. గోడ పట్టుకొని లేచేది. రొమ్ముల నుంచి ఎముకలకు పాకుతదని ఎవరో అన్నది విన్నకాడి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. స్కాన్ రిపోర్టు వచ్చేదాక దవాఖాన వరండాల ఒక్కచోట కూసోలేకపోయిన.

పాకలేదని చెప్పింది డాక్టరమ్మ. విటమిన్ డి బాగా తక్కువుందట, ఆ గోలీతోని కూడ ఎముకల బలం తగ్గుతదట. వారానికోసారి పాలల్ల కలుపుకొని తాగే పొడి రాసిచ్చి, కొంచెం ఎండకు కూసొమ్మన్నది.

మెల్లగ నొప్పులు తగ్గినయి. అక్క చేట పట్టుకొని వాకిట్లకు వచ్చింది. నాకు మాత్రం నిమ్మళం లేదు. ఒకనాడు పోయి చూస్తే గోలీల పట్టీలు అట్లనే ఉన్నయి. ఎందుకు వేసుకుంటలేవని అడిగిన.

"పొడితోని, ఎండతోని పాణం మంచిగైంది. ఎండల ఉన్న విటమినే క్యాన్సర్‌ను సంపుతదంట. ఇగ ఆ గోలీ ఎందుకు తమ్మీ?"

గల్లీల వాళ్లు చెప్పిన మాట అది. కాదని చెప్పే తెలివి నాకూ లేదు. తెల్లారి అక్కను డాక్టరమ్మ కాడికని హైదరాబాద్ బస్సెక్కించిన.

డాక్టరమ్మ కోపం చేయలేదు. "ఆ పొడి మీ ఎముకల కోసమమ్మా. అది క్యాన్సర్‌ను ఆపుతుందని నేను చెప్పలేను, ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయి. మళ్లీ రాకుండా కాపాడటానికి ఇచ్చింది ఆ గోలీ. మీకు రెండూ కావాలి."

"మళ్ల నొప్పులు లేస్తే?" అన్నది అక్క.

"నా దగ్గరికి రండి, మందు మార్చి చూద్దాం. మీ అంతట మీరు మానేయొద్దు."

తిరుగు బస్సుల అక్క నా చేతిల నీళ్ల సీసా తీసుకొని గోలీ మింగింది. గోలీ వేసుకోవాల్సిన ఏండ్లు నిండినయి, డాక్టరమ్మనే చాలన్నది. అక్క బాగనే ఉన్నది. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ పుడతది.