వాదీ మొగదల కూర్చున్న మల్లన్న

మొన్న మస్కట్ నుంచి వచ్చిన అతిథులు సమాయిల్ బజారులో ఎండు నిమ్మకాయలు కొని, ఆ సంచిని నా బండి వెనక సీట్లో పెట్టారు. ఎండకు కాగిన బండిలో పది నిమిషాలకే ఆ వాసన నిండిపోయింది. పులుపు, పొగ, కాస్త చేదు కలిసిన వాసన. మల్లన్న ఫ్లాస్కులో ఎప్పుడూ ఉండేది అదే. నల్లగా ఎండిన రెండు కాయలను చితక్కొట్టి వేడినీళ్ళలో వేసుకుని, నడకలో గుక్కెడు గుక్కెడు తాగేవాడు. అలాంటి వాసన తగిలితే దూరమైన మనిషి గుర్తొచ్చి ఎవరికైనా మనసు మెత్తబడుతుంది. నాకు మాత్రం పళ్ళు బిగుసుకున్నాయి. మూడేళ్ళయినా ఆ కోపం తగ్గలేదు. అందులో సగం మా మేనేజరు మీద, సగం నా మీద.

మల్లన్నది జగిత్యాల దగ్గర పల్లె, మా ఊరికి నాలుగు ఊళ్ళ అవతల. ఒమన్‌కు తాపీమేస్త్రీగా వచ్చి, సమాయిల్ పైనున్న కొండపల్లెలో పాత కావలి బురుజును మట్టితో బాగుచేసే పనిలో ఏళ్ళ తరబడి ఉన్నాడు. ఆ పని ముగిశాక పల్లె దిగువన ఒక కంపెనీ టూరిస్టుల కోసం క్యాంపు పెట్టింది. ఖర్జూర తోటల్లో కాలవ గట్టున నడక, బురుజు ఎక్కడం, వాదీలోకి దిగి నీటిగుంటల్లో ఈత, ఇవీ అక్కడి వేడుకలు. వాదీ అంటే కొండల మధ్య, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉండే రాళ్ళవాగు. ఆ దారులన్నీ తెలిసిన పనివాడు అతనొక్కడే కాబట్టి అతిథులను నడిపించే పని అతనికే ఇచ్చారు. నేను అక్కడ డ్రైవరుగా చేరాను. బండి ఆపేశాక చేసే పనేమీ లేక అతని వెంట నడిచేవాణ్ణి. అలా నడుస్తూనే నేర్చుకున్నాను.

అతనికి ముక్కు మీద కోపం. పల్లెలో జనం వదిలేసి వెళ్ళిన పాత మట్టిమిద్దెలు ఉండేవి. ఒకసారి ఒక అతిథి ఫోటో కోసం సగం కూలిన గోడ ఎక్కి చేతులు చాచి నిలబడ్డాడు. మల్లన్న కింద నుంచి ఒక్క అరుపు అరిచాడు. "దిగు సార్, దిగు! గది బండ గాదు, ఒకళ్ళ ఇల్లు!" ఆ మనిషికి తెలుగు రాకపోయినా గొంతు అర్థమై గబగబా దిగాడు. మల్లన్న అతన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, తలుపు పక్కన గోడ మీద నాలుగు గీతలు చూపించాడు. మట్టి పూసినవాడి వేళ్ళు జారిన గుర్తులు. తర్వాత నాతో అన్నాడు: "బురుజు కట్టించినోని పేరు అందరు జెప్తరు తమ్మీ. పూసినోని పేరు ఎవ్వలకు తెల్వది. వేళ్ళు మాత్రం మిగిలినయ్ సూడు." అంతవరకూ నాకు అవి పాత గోడలు మాత్రమే. ఆ రోజు నుంచి వాటిని ఆనుకుని నిలబడటం కూడా మానేశాను.

వాదీ దగ్గర అతని కట్టుబాటు మరీ గట్టిది. మొదటిసారి నన్ను లోపలికి తీసుకెళ్ళినప్పుడు, తలెత్తి ఒక చెట్టును చూడమన్నాడు. నా తలకు పైన రెండు నిలువుల ఎత్తులో, కొమ్మల సందున ఎండుగడ్డి, చిరిగిన గోనెసంచి ఇరుక్కుని ఉన్నాయి. "గవి ఎవ్వలు పెట్టలే. నీళ్ళు పెట్టినయ్. మన నెత్తి మీద వాన పడాల్నని లేదు. ఆ గుట్టల ఎనక పడ్తె చాలు, గింత సందుల కెళ్ళి వరద ఒక్క తీరుగ వొస్తది. ఉరుకుదామంటె జాగ ఉండది." అందుకే ఎవరినైనా లోపలికి తీసుకెళ్ళే ముందు, ఎగువ పల్లెలో మేకలు మేపుకునే సాలిం అనే ముసలాయనకు ఫోన్ చేసేవాడు. కొండ వెనక ఆకాశం ఎలా ఉందో ఆయన చెప్పాకే అడుగు వేసేవాడు.

మూడేళ్ళ కింద ఒక రోజు ఫ్రాన్స్ నుంచి పన్నెండు మంది వచ్చారు. తమ పల్లెల్లో కోటలు ఎక్కి, నదుల్లో పడవలు తిప్పి అలవాటున్నవాళ్ళు. వాదీ మొగదలకు చేరాక మల్లన్న ఫోన్ చేశాడు. కొండ వెనక నల్లగా కమ్మిందని సాలిం చెప్పాడు. మా నెత్తి మీద మాత్రం కడిగిన పళ్ళెంలా ఆకాశం. "ఇయ్యాల బంద్," అని మల్లన్న దారికి అడ్డంగా ఉన్న బండ మీద కూర్చున్నాడు. అరగంటలో మేనేజరు బండి వేసుకుని వచ్చాడు. "మబ్బు తునకైనా లేదు, పిచ్చి పట్టిందా? మట్టి మోసుకునేవాడివి, నువ్వు నాకు వాతావరణం చెబుతావా?" అని అందరి ముందూ హిందీలో అరిచాడు. మల్లన్న లేవలేదు. మేనేజరు నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పు రాజూ. నీళ్ళు వస్తాయా?"

సాలిం మాటలు నేనూ విన్నాను. ఫోన్ స్పీకరులోనే ఉంది. అయినా నా నోటి నుంచి వచ్చిన మాట, "అలా ఏమీ కనబడటం లేదు సార్."

మల్లన్న నన్ను ఒక్కసారి చూశాడు. ఆ అతిథుల్లో ఒక పెద్దావిడ అతన్ని, నన్ను, మేనేజరును మార్చి మార్చి చూసి, మెల్లగా వెళ్ళి అతని పక్కన బండ మీద కూర్చుంది. ఆవిడ కూర్చున్నాక మిగతావాళ్ళూ కదలలేదు. మల్లన్న ఫ్లాస్కు మూతలో ఆవిడకు నిమ్మనీళ్ళు పోసి ఇచ్చాడు. సాయంత్రం దాకా అలాగే ఉన్నాం.

నీళ్ళు రాలేదు. ఒక్క చుక్క రాలేదు. వాన కొండకు అటువైపు వేరే లోయలో పడిందట.

మేనేజరుకు అంతకంటే ఏం కావాలి! మర్నాటి నుంచి క్యాంపులో అదే జోకు. మల్లన్న కనబడితే చాలు, గొడుగు తెచ్చావా అని అడిగేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ ఒకసారి నవ్వాను. రెండు వారాల్లో అతని వీసా రద్దు చేసి ఇంటికి పంపించేశారు. ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళింది నేనే. దారిలో ఉండబట్టలేక అన్నాను: "నీళ్ళు రాలే గదన్నా." కిటికీలోంచి చూస్తున్నవాడు విసురుగా తిరిగాడు. "రాలే. మంచిదే గద! పన్నెండు మంది కొట్టుకపోతెనే నా మాట గెల్చినట్టా?" మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. నేనెందుకలా చెప్పానని అడుగుతాడేమోనని దారంతా చూశాను. అడగలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత నడిపించే పని నాకిచ్చారు. ఆ పాత ఇంటి గోడ దగ్గర ఇప్పుడు ఒక బోర్డు ఉంది. ఆ వేళ్ళ గుర్తులను తానే కనిపెట్టినట్టు మేనేజరు అతిథులకు చెబుతాడు. వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆ గీతల్లో వేళ్ళు పెట్టి ఫోటోలు దిగుతారు. మట్టి రాలిపోతోంది. వద్దని నేను అరుస్తాను. నా మీద ఫిర్యాదులు వస్తాయి. రానీ. సాలింకు ఫోన్ చేయకుండా ఒక్కరోజూ వాదీలోకి దిగలేదు. ఎన్నోసార్లు వెనక్కి తిప్పాను, ఎన్నోసార్లు నీళ్ళు రాలేదు, ఎన్నోసార్లు తిట్లు తిన్నాను.

పోయిన చలికాలం మాత్రం వచ్చాయి. అందరం గట్టు ఎక్కి నిలబడ్డాం. ఎర్రటి నీళ్ళు చెట్లను వేళ్ళతో సహా దొర్లించుకుంటూ పోయాయి. అక్కడి నుంచే మల్లన్నకు ఫోన్ చేశాను. "వొచ్చినయన్నా! నువ్వు జెప్పినట్టే వొచ్చినయ్!"

"అందరు బయటున్నరా?"

"ఉన్నరు."

"ఇంక నాకెందుకు జెప్తున్నవ్? పో, ఆళ్ళను ఇంటికి తోల్కపో."

ఫోన్ పెట్టేస్తాడని భయమేసింది. "అన్నా, ఆ దినం నేను అబద్ధమాడిన. సాలిం జెప్పింది నేను గూడ ఇన్న," అన్నాను.

"ఎరుకే," అన్నాడు.

"కోపమున్నదా నా మీద?"

"ఉన్నది. ఎందుకుండది?" అని గట్టిగా అన్నాడు. తర్వాత కాస్త తగ్గి, "నువ్వు గూడ ఉంచుకో తమ్మీ. అది పోయిన్నాడు మల్ల గట్లనే తలూపుతవ్," అన్నాడు.

ఉంచుకున్నాను.