బోనస్ లేని పిట్టల లెక్క

గురువారం పొద్దున్న ఏడింటి బస్సుకి ఆరున్నరకే వెళ్లి నిలబడ్డాం. మస్కట్ నుంచి దుకుం వెళ్లే బస్సు అది. మేం దిగాల్సింది మధ్యలో, మహూత్‌లో. మేం అంటే నేను, పద్మజగారు. మస్కట్‌లోని ఖురంలో ఆవిడ ఇంట్లో వంట, పాప పనులు నావి. ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. సెలవు దొరికితే చాలు, మెడలో దుర్భిణి వేసుకుని పిట్టల వెంట పడతారు. పాపని వాళ్లాయన, సార్‌కి అప్పగించి బయల్దేరాం.

ఏటా చలికాలంలో బర్ర్ అల్ హిక్మాన్ అనే తీరంలో కొందరు కలిసి వలస పిట్టల్ని లెక్కపెడతారు. నిరుడు కూడా వెళ్లాను, వంటకి. అందరూ సముద్రం వైపు తిరిగి ఉంటే నేను పొయ్యి వైపు తిరిగి ఉన్నాను. ఈసారి లెక్కపెట్టడానికే వస్తానని నెలల ముందే చెప్పేశాను. లెక్క కాగితంలో ఆఖరి గడిలో లెక్కపెట్టిన మనిషి పేరు రాస్తారు. అక్కడ నా పేరు ఉండాలి. ఈ ప్రయాణం అంతా దాని కోసమే.

ఆ ధీమా ఎక్కడిదంటే, ఉప్పాడ దగ్గర ఒక రొయ్యపిల్లల హేచరీలో ఆరేళ్లు కౌంటింగ్ బల్ల దగ్గర పనిచేశాను. వెంట్రుకంత పిల్లలు తొట్టిలో చురుగ్గా కదులుతుంటే చూసి ఎన్నో చెప్పాలి. ఒక మగ్గులో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, మిగతా మగ్గుల్ని దానితో కంటితోనే పోల్చుకుంటూ పోతాం. నేను చెప్పిన అంకె మీద లారీలు కదిలేవి. ఈ ఏడాదంతా పాపని ఖురం బీచికి తీసుకెళ్లినప్పుడల్లా పిట్టల పేర్లు నేర్చుకున్నాను. పేర్లు కష్టం గాని, లెక్క నాకు కొట్టిన పిండి అనుకున్నాను.

టికెట్ మనిషికి నాలుగు రియాళ్లు. ఏసీ ఆపమని డ్రైవర్‌ని బతిమాలాల్సి వచ్చింది. పక్క సీట్లో జగిత్యాల తాపీమేస్త్రి ఒకాయన, దుకుం సైట్‌కి పోతున్నాడు. మా సంచిలో దుర్భిణి చూసి అడిగాడు.

"యాడికి పోతున్నరక్కా?"

"సముద్రం ఒడ్డుకండి. పిట్టల్ని లెక్కపెట్టడానికి."

"గదానికి ఇంత దూరం పోవుడెందుకు? మా సైట్ మీదికి ఉత్తగనే వస్తయి." మళ్లీ తనే అడిగాడు. "లెక్కవెట్టి ఏంజేస్తరు?"

"నిరుటి కంటే తగ్గాయో పెరిగాయో తెలుస్తుందండి."

"మంచిదే తియ్. మమ్ముల గూడ గట్లనే లెక్కవెడతరు, పొద్దుగాల బస్సెక్కేటప్పుడు."

పదింటికి సినావ్‌లో బస్సు ఆగింది. చాయ్, పరోటా తిన్నాం. ఆ తర్వాత ఊళ్లు పలచబడ్డాయి. ఇసుక, ఒంటెలు, మళ్లీ ఇసుక. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర కిటికీ పక్కనే తినేశాం. ఒంటిగంటకి మహూత్‌లో దిగేసరికి సాలిం తన బండితో సిద్ధంగా ఉన్నాడు. లెక్కల జట్టుకి ఆయనే పెద్ద. ఒమానీ అయినా హిందీ గడగడా మాట్లాడతాడు. నిరుడు నా చేతి చేపల పులుసు తిన్న మనిషి కాబట్టి నన్ను గుర్తుపట్టాడు.

అరగంటలో ఫిలిం అనే జాలర్ల ఊరు చేరాం. ఒక జాలరి ఇంట్లో గది ఇచ్చారు. అన్నం, చేపల వేపుడు కూడా వాళ్లే పెడతారు. మీరు ఎప్పుడైనా వస్తే గరం కోటు మరిచిపోవద్దు. ఎడారి దేశంలో చలేమిటి అనుకునేవాళ్లని ఆ ఒడ్డున పదినిమిషాలు నిలబెట్టాలి. గాలి చెవుల్లోంచి దూరి పళ్లదాకా వచ్చింది. నేను చుడీదార్ మీద స్వెట్టర్, దాని మీద సార్ పాత జాకెట్ వేసుకున్నాను. పద్మజగారు నన్ను చూసి నవ్వు ఆపుకోలేకపోయారు.

సముద్రం పోటు మీదున్నప్పుడు బురద నేలంతా మునిగిపోతుంది. మేత మేసే పిట్టలన్నీ మిగిలిన ఇసుక దిబ్బల మీదికి చేరతాయి. లెక్కకి అదే సమయం. మూడింటికి వెళ్లాం. కొత్తవాళ్లకి సాలిం పరీక్ష పెడతాడు: ఒక గుంపుని చూపించి ఎన్నో చెప్పమంటాడు, తను ఫోటో తీసి, గదికి వెళ్లాక కంప్యూటర్‌లో ఒక్కో పిట్ట మీదా చుక్క పెట్టి సరిచూస్తాడు. మూడు గుంపులు చూపించాడు. నేను తడుముకోకుండా చెప్పాను. అయిదు వందలు, మూడు వందలు, రెండు వందలు.

ఆరింటికి ఫలితం వచ్చింది. ఫోటోల్లో ఆరు వందల నాలుగు, మూడు వందల అరవై రెండు, రెండు వందల ముప్పై తొమ్మిది.

"రేపు సిస్టర్ కాగితం పట్టుకుని రాస్తే చాలు. లెక్క మేం చూసుకుంటాం" అన్నాడు సాలిం. మర్యాదగానే అన్నాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. అన్నం సహించలేదు.

గదిలో పద్మజగారు ఆ అంకెల్ని కాగితం మీద పెట్టుకుని కూర్చున్నారు. "వింతగా ఉంది మంగా. మూడుసార్లూ ఒకేలా తప్పావు. నువ్వు వంద అన్నచోటల్లా నూట ఇరవై ఉన్నాయి."

నూట ఇరవై అనే మాట చెవిన పడగానే నేను లేచి నిలబడ్డాను.

"బోనస్ అండీ!"

హేచరీలో రైతుకి వంద పిల్లలు అమ్మితే, దారిలో చచ్చిపోయేవాటికి బదులుగా ఇరవై ఊరికే ఇస్తారు. అది బోనస్. లెక్కలో రాయరు. తొట్టిలో నూట ఇరవై ఉంటే మేం నోటితో వంద అనాలి. ఆరేళ్లు అలా అని అని, నా కంటికి వంద అంటే నూట ఇరవయ్యే అయిపోయింది. ఇంత దూరం వచ్చి సముద్రానికి కూడా బోనస్ వదిలేశాను. విషయం అర్థమయ్యాక పద్మజగారు దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అప్పుడు ఆకలి కూడా వేసింది.

శుక్రవారం పొద్దున్నే సాలింకి సంగతి చెప్పాను. ఆయన గడ్డం గోక్కుని, "అయితే కళ్లు మంచివే, వందే పెద్దది" అన్నాడు. మధ్యాహ్నం దాకా ఇంటి ముందు గవ్వలు పరిచి, సరిగ్గా వంద ఎంతుంటుందో కంటికి మళ్లీ నేర్పించాను. పాత వంద మొండిది. మాటిమాటికీ తిరిగొచ్చేది.

మూడున్నరకి మళ్లీ ఒడ్డుకి వెళ్లాం. దగ్గర దిబ్బ మీద పీతల్ని తినే నలుపూ తెలుపూ పిట్టలు, క్రాబ్ ప్లోవర్లు, పొడుగు కాళ్ల మీద ఒదిగి నిలబడ్డాయి. సాలిం ఫోటో తీశాడు. నేను నాలుగు వందల పది అన్నాను. తర్వాత ఆయన దూరపు దిబ్బ వైపు కెమెరా తిప్పి పొడుగు లెన్సు బిగించుకుంటున్నాడు. అక్కడా అదే రకం పిట్టలు, పెద్ద గుంపు. నేను ఆగలేదు. ఒక మూల పది, ఆ పది చుట్టూ వంద, ఆ వందని జరుపుకుంటూ చివరిదాకా వెళ్లాను. అంచుకి చేరానో లేదో, పైనుంచి డేగ ఒకటి జారుకుంటూ వచ్చింది. దిబ్బ మొత్తం లేచిపోయింది. సాలిం చేతిలో లెన్సు అలాగే ఉంది.

పిట్టలు మళ్లీ అక్కడ వాలలేదు. ఫోటో లేదు. ఎగిరిపోయేలోగా ఆ గుంపుని లెక్కపెట్టింది నేనొక్కదాన్నే.

"ఎన్ని?" అన్నాడు సాలిం.

"పన్నెండు వందల అరవై."

ఆయన కెమెరా వెనక తెర మీద బొమ్మని పెద్దది చేసి, మొదటి గుంపు ఫోటోలో పిట్టల్ని గోటితో ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. చాలాసేపటికి తలెత్తి, "నాలుగు వందల పదమూడు" అన్నాడు. నేను చెప్పింది నాలుగు వందల పది. కాగితం నా చేతిలోంచి తీసుకుని, క్రాబ్ ప్లోవర్ వరుసలో పన్నెండు వందల అరవై అని తనే రాశాడు. ఆఖరి గడి దగ్గర ఆగి, నా పేరు రెండుసార్లు పలికించుకుని అరబ్బీలో రాశాడు. నాకు ఆ అక్షరాలు రావు. వేలు పెట్టి ఇదే నువ్వు అని చూపించాడు. నేను దిబ్బ వైపు తిరిగి కాసేపు ఏడ్చాను. పద్మజగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

శనివారం పదింటి తర్వాత మహూత్‌లో తిరుగు బస్సు ఎక్కాం. ఫోన్‌లో ఆ కాగితం ఫోటో ఎన్నిసార్లు చూశానో చెప్పను. మీరు బర్ర్ అల్ హిక్మాన్ వెళ్తే పోటు వేళ కనుక్కుని వెళ్లండి, బురద మీదికి బండి దింపకండి, చలిని తక్కువ అంచనా వేయకండి. నేను చూసిన తీరాల్లో అంత ఖాళీగా కనబడి, అంత నిండుగా ఉన్నది మరొకటి లేదు.

సినావ్ దాటాక పద్మజగారు కళ్లు తెరిచి అన్నారు. "మూడు రోజులు చారు లేక నాలుక చచ్చిపోయింది. వచ్చే ఏడు అక్కడ వంట నువ్వే చూడు మంగా."

"వేరే ఎవరినైనా చూసుకోండమ్మగారూ" అన్నాను. "అక్కడ నాకు డ్యూటీ ఉంటుంది."