ఇవి చిల్లర కాదు

ముషైరిబ్‌లో ఇప్పుడు మెట్రో దిగి చల్లగా నడిచిపోయేవాళ్ళకు చెబితే నమ్మరు గానీ, ఆ రోజుల్లో అక్కడంతా గోతులే. ఆ గోతుల అంచున హెల్మెట్ పెట్టుకుని నిలబడి, దోహాను నేనే కడుతున్నాననుకునేవాణ్ణి. (నేను చేసేదల్లా పనివాళ్ళ హాజరు వేయడం.) కాకినాడ దగ్గర డిగ్రీ పూర్తిచేసి వచ్చిన కొత్త. అరబిక్‌లో ‘యల్లా’ (కానివ్వండి) అనే ఒక్క మాట నేర్చుకుని, దాంతోనే అందరి మీదా పెత్తనం చేసేవాణ్ణి. నా పెత్తనం చూసి నవ్వని మనిషి సైటు మొత్తానికి ఒక్కడే, సిక్కా భాయ్.

ఆయనది జగిత్యాల వైపు, ఇనుప చువ్వలు కట్టే పని. కంపెనీ విడిచి స్వదేశం వెళ్ళే ప్రతివాడూ తన దేశపు నాణెం ఒకటి ఈయన చేతిలో పెట్టి వెళ్ళాల్సిందే. అందుకే క్యాంప్‌లో అందరూ హిందీలో ఆ పేరు పెట్టారు. కొట్టువాడు చిల్లర లేదని చూయింగ్ గమ్ ఇవ్వబోతే, “గమ్ మాఫీ, సిక్కా జీబ్!” (గమ్ వద్దు, నాణెం తే) అని వచ్చీరాని అరబిక్‌లో పోట్లాడి మరీ నాణెం తెప్పించుకునేవాడు. పక్కనున్న నేను ఎవరో తెలియనివాడిలా బిస్కెట్ ప్యాకెట్లు చూస్తూ నిలబడేవాణ్ణి. పోగుచేసినవన్నీ మంచం కింద పాలపొడి డబ్బాలో ఉండేవి. ఒక శుక్రవారం టీ తాగుతూ, “ఈ చిల్లరంతా ఏం చేసుకుంటావు భాయ్?” అని వేళాకోళం చేశాను.

“చిల్లర గాదు సారూ, గివి మనుషులు. ఇన్నేండ్లు నేను ఎవలెవల్తోని బతికిన్నో మా ఇంటామెకు చూపియ్యాలె. ఫోన్‌ల ఎంత జెప్పినా ఆమెకు అంత దుబాయే. రేపు నాకేమన్న అయితే ఈ డబ్బ నువ్వే ఆమె చేతుల వెట్టాలె.”

“నీకేమవుతుంది భాయ్, నీ గుండె ఇనప చువ్వ,” అన్నాను. ఆ ఇనప చువ్వ ఆ వేసవిలోనే ఒక ఉదయం డ్యూటీకి లేవలేదు.

శవపేటికతో పాటు తెలుగువాడు ఒకడు వెళ్ళాలని కంపెనీవాళ్ళు నన్ను పంపారు. నా మొదటి సెలవు అలా వచ్చింది. శంషాబాద్‌లో దిగి, అంబులెన్సులో డ్రైవరుకూ సిక్కా భాయ్ బామ్మర్దికీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. డబ్బా ఒళ్ళో ఉంది. దారి గతుకులకు అది గలగలమంటుంటే, వెనక ఆయన అంత నిశ్శబ్దంగా ఉండటం భరించలేకపోయాను. బామ్మర్ది అడిగాడు, “గా డబ్బల ఏమున్నది సార్?”

“ఆయన దాచుకున్న చిల్లరండీ,” అన్నాను. మిగతాది ఊరు చేరాక భాయ్ భార్యకే చెబుదామనుకున్నాను.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. “తన సావుకు చిల్లర సుత తనే జమజేస్కున్నడా మా బావ!”

ఏదో బాధలో అంటున్నాడనుకున్నాను. (శవం మీద పేలాలూ చిల్లరా చల్లడం మా వైపూ ఉంది. అయినా నా బుర్ర వెలగలేదు.)

ఊళ్ళో పేటికను వాకిట్లోనే దింపారు. బయట పోయినవాణ్ణి గడప దాటించరట. మొహం కడుక్కోమని నన్ను పక్కింటికి పంపితే, డబ్బా పేటిక పక్కన పెట్టి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి డప్పులు మోగుతున్నాయి, పాడె వీధి మలుపు తిరుగుతోంది, ముందు బామ్మర్ది చంకలో పాలపొడి డబ్బా! గుప్పిళ్ళతో తీసి చల్లుతున్నాడు. నేపాల్, శ్రీలంక, కెన్యా, ఫిలిప్పీన్స్ అన్నీ పేలాలతో కలిసి దుమ్ములో పడుతున్నాయి. నేను కేకవేస్తే డప్పుల్లో ఎవరికి వినపడుతుంది? మోకాళ్ళ మీద పడి ఏరడం మొదలుపెట్టాను. దింపుడుకల్లం దాకా అలాగే పాకాను. ఒక ముసలాయన ఆగి జాలిగా చూశాడు.

“ఓ సారూ, దుబాయ్‌ల గంత కరువున్నదా?”

జేబు నిండా మట్టీ నాణేలతో వాకిట్లోకి వచ్చి, భాయ్ భార్యకు సంగతంతా చెప్పాను. మాట మధ్యలో ఏడుపొచ్చేసింది. ఆవిడ తిట్టలేదు. ఒక్కొక్కటీ తీసి, “గిది ఎవలు?” అని అడిగింది. వంట చేసే నేపాలీ అన్నాను, క్రేన్ నడిపే ఫిలిప్పీనో అన్నాను. తెలియనివి తెలియవనే చెప్పాను. కెన్యా వాచ్‌మన్ నాణెం దగ్గర ఆగి, “గీయన ఏడ్సిండా?” అంది. భాయ్‌కి నాణెం ఇచ్చి వెళ్ళే రోజున ఏడ్చాడన్నాను. దాన్ని కళ్ళకద్దుకుంది. దారిలో ఏరుకున్నవి ఊళ్ళో కొట్టువాడు తీసుకోలేదని ఇంకో నలుగురు తెచ్చి ఇచ్చిపోయారు. మిగిలినవి ఎక్కడ పోయాయో ఎవరికీ తెలియదు.

ఆవిడ కొంగులో మూటకట్టుకుని లేవబోతే, పెద్దావిడ ఒకరు అడ్డుపడింది. “శవం మీద చల్లినయి ఇంట్లకు తేవద్దు బిడ్డా.”

“ఆయన్నే ఇంట్లకు రానియ్యకపోతిరి,” అంది ఆవిడ. “ఇవీ బయటనే ఉంటయి తీయ్.” తమ్ముడు తిరిగి తెచ్చిన ఖాళీ డబ్బాలో మళ్ళీ పోసి, వాకిలి చూరుకు వేలాడదీసింది. గాలికి అది కదిలినప్పుడల్లా లోపలివాళ్ళు ఉలిక్కిపడటం నేను చూశాను.

ఇప్పుడు దోహా శివారు అల్ ఘర్రాఫాలో నాకూ ఒక కాపురం, ఒక పాలపొడి డబ్బా ఉన్నాయి. కొట్టువాడు గమ్ ఇస్తే నేనూ పోట్లాడతాను. ఈసారి బిస్కెట్ ప్యాకెట్లు చూసే పని మా ఆవిడది. ఒకరోజు ఇల్లు సర్దుతూ, “ఏమండీ, ఈ చిల్లర ఎక్కడ పడేయను?” అంది. ఆ సాయంత్రమే డబ్బా మీద కాగితం అంటించి, నాకు వచ్చినంత గుండ్రటి అక్షరాలతో రాశాను: ‘ఇవి నాణేలు. చల్లరాదు.’