టైలర్ జయరావు ఇంటికి పరామర్శ

ప్రత్తిపాడులో జయరావు జాకెట్లు కుట్టేవాడు. బుల్లయ్య గుంటూరు మిరపకాయల యార్డులో కాటా వేసేవాడు. ఇద్దరు మగవాళ్ళూ చాలా ఏళ్ళు ఒకే పెంకుటింట్లో కాపురం చేశారు. కాపురమనే అంటున్నాను. వీధికంతా తెలిసిన సంగతే, నోటితో అన్నవాళ్ళు మాత్రం లేరు. అంటే జాకెట్లు ఎవరు కుడతారు? బుల్లయ్య సొంత అన్న ఒక్కడే తమ్ముడి పేరెత్తితే ఉమ్మేసేవాడు.

ఎనభై మూడులో ఎన్నికలొచ్చాయి. మా ఊరి పార్టీ నాయకుడు చెంచురామయ్యకు మనుషులు కనపడరు, కులాలు కనపడతాయి. కులానికో పెద్ద, ఆ పెద్దను పట్టుకుంటే ఓట్లన్నీ ఒకే మూటగా వచ్చిపడతాయని ఆయన సిద్ధాంతం. చుట్టుపక్కల ఊళ్ళలో ఇలాంటి మగవాళ్ళంతా జయరావు కొట్లో కూర్చుంటారని ఎవరో ఊదారు. వెంటనే వచ్చాడు.

"మీవాళ్ళకు పెద్దెవరయ్యా?"

"మాకు పెద్ద లేడండి."

"పెద్ద లేని కులం ఉంటదా? అయితే నువ్వే పెద్దవి. ఓట్లన్నీ మన పార్టీకే పడాల. ఏం కావాలో అడుగు."

జయరావు కత్తెర పక్కన పెట్టాడు. "అందరిళ్ళకీ వచ్చినట్టే మంచికీ చెడుకీ మా ఇంటికీ రండి. ఇదీ ఒక ఇల్లేనని నలుగురికీ తెలియాల. అంతేనండి."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు చెంచురామయ్య. ఖర్చులేని కోరికంటే ఆయనకు చచ్చేంత ఇష్టం.

ఓట్లు వేశారు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య.

మరుసటేడు వానాకాలంలో బుల్లయ్యకు పచ్చకామెర్లు వచ్చాయి. పసరు మందుకూ తగ్గలేదు, సెలైన్లకూ తగ్గలేదు. పోయాడు. అన్న వచ్చి శవాన్ని తన ఇంటికి తీసుకుపోయాడు. కొరివి ఆయనే పెట్టాడు. జయరావు శ్మశానం కంచె బయట నిలబడ్డాడు.

పరామర్శల రోజు జయరావు అరుగు కడిగి, చర్చి నుంచి బెంచీ తెచ్చి వేసి, తెల్లచొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. చెంచురామయ్య తన మందతో ఆ అరుగు ముందునుంచే నడిచి బుల్లయ్య అన్న ఇంటికి వెళ్ళాడు. ఆ మహానుభావుణ్ణి వాటేసుకుని "గుండె దిటవు చేసుకో" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డుకు అవతలి పక్కన నడిచాడు. నాకు ఒళ్ళు మండింది. దీపాలు పెట్టే వేళకు జయరావు బెంచీ తీసుకెళ్ళి చర్చిలో అప్పగించాడు.

ఎనభై అయిదులో మళ్ళీ ఎన్నికలు. జెండాలతో, డప్పులతో చెంచురామయ్య జయరావు అరుగు ముందు ఆగాడు.

"ఏం పెద్దా, మీ ఓట్లు మనవేగా?"

జయరావు మిషను ఆపాడు. "కూర్చోండి. ముందు అడగాల్సింది అడగండి. ఓట్ల సంగతి తర్వాత."

చెంచురామయ్యకు అర్థమైంది. వెనక జనం ఉన్నారు. ఓట్లూ కావాలి. డప్పులు ఆపమని చెయ్యూపి, అరుగుమీద కూర్చుని, గొంతు తగ్గించి, "ఎట్టా పోయాడయ్యా మీ బుల్లయ్య?" అన్నాడు.

"గట్టిగా అడగండి."

గట్టిగానే అడిగాడు.

జయరావు చెప్పాడు. కళ్ళు పచ్చబడితే మిరప ఘాటు అనుకున్నామన్నాడు. ఆఖర్న మజ్జిగ అడిగాడనీ, చిలికి తెచ్చేలోపే అయిపోయాడనీ చెప్పి, భోరున ఏడ్చాడు. ఇంటిమనిషి పోయినవాళ్ళు ఎలా ఏడుస్తారో అలాగే ఏడ్చాడు. ఎదురింటి రసూల్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జెండాలు పట్టుకున్నవాళ్ళు ఎటు చూడాలో తెలియక నేల చూశారు.

చెంచురామయ్య లేచాడు. ఏ గడప దిగినా "మళ్ళీ వస్తా" అనకుండా దిగని మనిషి. చావింటి నుంచి వచ్చేటప్పుడు ఆ మాట అనకూడదు కదా, పుట్టుకతో వచ్చిన అలవాటు కొద్దీ నోరు మూసుకుని, తల వంచుకుని అరుగు దిగాడు. ఓట్ల మాట ఎత్తలేదు. వీధి మలుపు తిరిగేదాకా డప్పులు మోగలేదు.

జయరావు ముఖం తుడుచుకుని, అరుగు కింద నిలబడ్డ మా వైపు చూశాడు.

"చూశారా," అన్నాడు, "వస్తానని చెప్పలేదు."